వేలు ఒక లైన్ మీద, నోరు ఇంకో లైన్ మీద: నాలుగో తరగతి పిల్లాడి చదువు గురించి ఒక కేస్ స్టడీ

ఇది 2023-24లో మా బడిలో నాలుగో తరగతి చదివిన ఒక పిల్లాడి గురించి. పేరు రాయను, వాళ్ల అవ్వ పిలిచినట్టే చిన్నోడు అంటాను. మాది పాలమూరు వైపు ఒక ఊళ్లో ప్రాథమిక పాఠశాల, ఐదు తరగతులకి ఇద్దరం టీచర్లం, ఒకటి రెండు ఇంకో సార్ చూస్తారు, మూడు నాలుగు ఐదు తరగతుల్ని ఒకే గదిలో పెట్టుకుని నేను చూస్తా. ఇలాంటి బడిలో పనిచేసినవాళ్లకి చెప్పక్కర్లేదు, ఒక తరగతి చదువుతుంటే ఇంకోటి రాస్తుండాలి, మూడోది లెక్కలు చేసుకుంటుండాలి, లేకపోతే రోజు గడవదు. అందుకని మా దగ్గర కోరస్ ఎక్కువ, ఒకళ్లు ముందు చెప్పడం, మిగతా అందరూ వెనక అనడం.

చిన్నోడు ఆ కోరస్‌లో ముందుండేవాడు. గొంతు పెద్దది, ఎక్కడ ఆగాలో ఎక్కడ సాగదీయాలో అన్నీ తెలుసు, వాడు చెప్తుంటే నాకు కొంచెం ఊపిరి తీసుకునే టైం దొరికేది కూడా. జూన్ 12న బడి తెరిచాక మొదటి వారంలోనే లేచి నిలబడి నాలుగో తరగతి తెలుగు మొదటి పాఠం గడగడా చదివేశాడు, నేను వాడి పేరు ఎదురుగా 'ధారాళంగా చదువుతాడు' అని రాసుకున్నా. పోయిన ఏడాది మూడో తరగతిలో కూడా నా దగ్గరే ఉన్నాడు, అప్పుడూ అదే రాశా. నేను ఇంకా చెప్పని పాఠం వాడు అంత బాగా ఎలా చదివాడు అన్న ప్రశ్న నాకు రాలేదు, తెలివైనోడు అనుకుని సంతోషపడ్డా.

జులైలో పెద్ద వానలు పడి బడులకి సెలవులిచ్చారు, తెరిచాక మొదటి రోజు మూడు తరగతులకీ కలిపి 11 మందే వచ్చారు, కొత్త పాఠం మొదలుపెట్టి లాభం లేదని ఒక్కొక్కర్నీ పక్కన కూర్చోబెట్టుకుని చదివించా. చిన్నోడి వంతు వచ్చింది. ఎప్పట్లాగే మొదలుపెట్టాడు, వేలు లైన్ మీద నడుస్తోంది. పేజీ తిప్పేటప్పుడు వానకి చెమ్మగిల్లి రెండు కాగితాలు అంటుకుపోయి కలిసి తిరిగాయి. అంటే వాడి ముందు ఉన్నది పాఠం చివర అభ్యాసాల పేజీ, ఖాళీలు పూరించండి, జతపరచండి. వాడి నోటివెంట మాత్రం పాఠం అలాగే వస్తోంది, ఒక్క ముక్క తప్పు లేకుండా, వేలు ఖాళీ గీతల మీద నడుస్తుండగా, మధ్యలో అంటుకుపోయిన పేజీలో ఉన్నదంతా వచ్చేసింది.

నేను వెంటనే ఏం అనలేదు. నిజం చెప్పాలంటే నాకే గుండె ఆగినట్టయింది. వాడు అయిపోయింది అని నా మొహం చూస్తే బాగుంది అని పంపించేశా. ఆ సాయంత్రం కూర్చుని ఆలోచిస్తే దారం దొరికింది. పోయిన ఏడాది వాడు మూడో తరగతి బల్ల మీద కూర్చున్నా పక్క వరసలో నాలుగో తరగతివాళ్లు ఈ పాఠాలే కోరస్‌గా అంటుంటే ఏడాదంతా విన్నాడు. అదే గది, అదే గోడ, అదే గొంతులు. నాలుగో తరగతి పుస్తకం వాడి చేతికి రాకముందే నోటికి వచ్చేసింది.

మర్నాడు అదే పాఠంలోంచి 20 పదాలు విడివిడిగా చీటీల మీద రాసి, తలో చోట పెట్టి చదవమన్నా. నాలుగు చెప్పాడు, అవి కూడా మొత్తంగా చూసి గుర్తుపట్టినవే, అక్షరాలు కూడబలుక్కుని కాదు. మిగతావాటికి నా పెదాల వైపు చూశాడు. పాఠం తెరిచి ఒక పదం మీద నా వేలు పెట్టి ఇదేంటి నాన్నా అంటే ఆ వాక్యం మొదట్నుంచి అందుకుని ఆ పదం దాకా పరిగెత్తుకొచ్చి అక్కడ ఆగి చెప్పాడు. ఒకసారి సరిగ్గానే ఆగాడు, ఇంకోసారి దాటిపోయాడు.

ఇక్కడ వాడి వెనకటి సంగతి చెప్పాలి. 2020-21 వాడి ఒకటో తరగతి, ఆ ఏడాది కరోనా వల్ల మన తెలంగాణలో ప్రాథమిక తరగతులకి బడి తలుపే తెరవలేదు, టీవీలో పాఠాలు వేసినా మూడో తరగతి నుంచే వేశారు. 2021 సెప్టెంబర్ 1న బడి తెరిచేసరికి వాడు రెండో తరగతి. మళ్లీ 2022 జనవరిలో 8 నుంచి 30 దాకా సెలవులు. అక్షరాలు దిద్దాల్సిన వయసులో పలక పట్టుకున్న రోజులే తక్కువ. 2022 ఆగస్టులో తొలిమెట్టు వచ్చింది, పిల్లలకి చదవడం, రాయడం, లెక్కలు గట్టిపరచడానికి ప్రభుత్వం పెట్టిన కార్యక్రమం, ఇలాంటి పిల్లల కోసమే అది, ఒక్కొక్కర్నీ విడిగా చూడాలి, నేను చూశా కూడా. కానీ నేను వాడికి చదవమని ఇచ్చింది రోజూ అందరం కలిసి చదివే పుస్తకంలో పేజీ. ఆ పొరపాటు పూర్తిగా నాదే. పల్లెల్లో పిల్లలకి చదవడం ఎంత వచ్చో చూసే అసర్ (ASER) సర్వేవాళ్లు ఇంటికెళ్లి పిల్లాడి చేతిలో వాడు ఎన్నడూ చూడని అక్షరాలు, పదాలు, ఒకటో తరగతి స్థాయి పేరా, రెండో తరగతి స్థాయి కథ పెడతారు కదా, చూడనిది ఇవ్వడంలోనే అసలు కిటుకు ఉందని నాకు ఆ రోజు తెలిసొచ్చింది.

అమ్మానాన్న పుణేలో బిల్డింగ్ పనికి పోయారు, దసరాకో పండక్కో వస్తారు, చిన్నోడు అవ్వ దగ్గర ఉంటాడు. నేను ఇంటికెళ్తే అవ్వ గుమ్మంలోనే చాప వేసి కూర్చోమంది. చిన్నోడికి చదువు అంతగా రావట్లేదు అవ్వా అంటే నమ్మలేదు. "సదువుతుండు గదమ్మా, బుక్కు పట్టుకుంటే ఆగడు, పొద్దుమూకితే గీడనే కూసొని గట్టిగ సదువుతడు. నాకేం ఎర్క, నేను ఏలిముద్ర దాన్ని." అందులో ఆమె తప్పేం లేదు, ఏడాదిపాటు నేనూ ఆ గొంతునే నమ్మా.

తర్వాత రెండు వారాలు వాడికి ఏం వచ్చో ఏం రాదో చూడటానికే పెట్టుకున్నా. ఇది ముఖ్యం, మనం చాలాసార్లు 'చదవడం రాదు' అనగానే మళ్లీ అ ఆ ల నుంచి మొదలుపెడతాం, ఆ పిల్లాడికి అవమానం, మనకి టైం దండగ. చిన్నోడికి అక్షరాలు చాలావరకు వచ్చు. ప, వ తడబడతాడు, ద, డ తడబడతాడు, థ, ధ, భ లాంటివి అస్సలు రావు. అసలు ముడి గుణింతం దగ్గర ఉంది. గుణింతం వాడికి నోటికి బ్రహ్మాండంగా వచ్చు, కకి దీర్ఘమిస్తే కా, గుడిస్తే కి, కొమ్మిస్తే కు అని చివరిదాకా అంటాడు. కానీ ఒక చీటీ మీద 'గొ' రాసి చూపిస్తే వాడి తల నా భుజం మీదుగా గోడ వైపు తిరిగింది. గోడకి గుణింతాల చార్టు ఉంది. అందులో గ వరస పట్టుకుని, ఆ బొమ్మలాంటిది ఎక్కడుందో వెతుక్కుని, అప్పుడు గ గా గి గీ అని పెదాలు కదుపుతూ ఆ గడి దాకా వచ్చి 'గొ' అన్నాడు. ఒక్క అక్షరానికి అంతసేపు. మూడక్షరాల పదంలో మూడోది తేలేసరికి మొదటిది ఏంటో మర్చిపోతాడు, ఇంక అర్థం మాట ఎక్కడిది. వాడిని చార్టుకి వీపు పెట్టి కూర్చోబెడితే ఆ కాస్త కూడా రాలేదు.

ఆ మధ్యాహ్నం ఆ చార్టు వైపు నేను చాలాసేపు చూస్తూ కూర్చున్నా. నా చేత్తో రాసి రంగులు వేసి అంటించింది అది. హల్లులు 35 వేసుకుని ఒక్కోదానికి 12 రూపాలు అనుకున్నా 420, వత్తులు కలపకుండా. ఇంగ్లీషులో 26 అక్షరాలే కాబట్టి గుర్తుపట్టడం వరకు తొందరగా అవుతుంది, మన లిపి అలా కాదు. మన లిపికి దగ్గరి చుట్టమైన కన్నడం మీద సోనాలీ నాగ్ 2007లో రాసిన పరిశోధన కూడా ఇదే చెప్తుంది, అక్షరాలన్నీ పట్టుబడటానికి పిల్లలకి ఏళ్లు పడుతుంది, నాలుగో తరగతిలో కూడా ఇంకా నేర్చుకుంటూనే ఉంటారని. అంటే చిన్నోడు మొద్దు కాదు, దారి మధ్యలో ఉన్నాడు, దారి మధ్యలో ఉన్నోణ్ని చివరికి చేరాడని నేను రాసేశా.

ఆగస్టులో పని మొదలుపెట్టాం. రోజూ ప్రార్థన అయ్యాక మిగతావాళ్లు కాపీరైటింగ్ రాసుకునే 20 నిమిషాలు వాడిది. మొదట చేసిన పని గుణింతం అప్పజెప్పడం మానిపించడం, అడ్డంగా ఒకే అక్షరానికి అన్ని గుర్తులు కాకుండా నిలువుగా ఒకే గుర్తు వేర్వేరు అక్షరాలకి. ఒక వారం దీర్ఘం, ఒక వారం గుడి, ఒక వారం కొమ్ము. నోటుబుక్కులకి వేసే ట్రాన్స్‌పరెంట్ కవర్ ముక్కలు కోసి వాటి మీద మార్కర్‌తో గుర్తు ఒక్కటే గీశా, అట్ట ముక్కల మీద అక్షరాలు తలకట్టు లేకుండా రాశా, కవర్ ముక్క జరిపి అట్ట మీద పెడితే గుడి కూర్చుంటుంది, కి, తి, సి. కొమ్ముకి మాత్రం తలకట్టు ఉంచాలి కాబట్టి దానికి వేరే అట్టలు.

కొమ్ము వారంలో ఒక రోజు జరిగింది ఇప్పటికీ కళ్ల ముందు ఉంది. వాడే అట్టలు పేర్చుకుని కొమ్ము జరుపుతున్నాడు, కు, గు, చు, తు అంటూ. వ అట్ట మీద కొమ్ము పెట్టి ఆగిపోయాడు. ఇటు తిప్పి అటు తిప్పి చూసి, "మేడం, గిది మ అయింది!" అన్నాడు. నేను వంగి చూస్తే నిజంగానే మ. వకి మామూలు చోట కొమ్ము తగిలిస్తే మ అయిపోతుంది, అందుకే మనం వు రాసేటప్పుడు కొమ్ముని కిందకి దించి తగిలిస్తాం, పు, ఫు కూడా అంతే. పదిహేనేళ్లుగా పిల్లలకి దిద్దిస్తున్నా, ఎందుకు కిందకి దించుతామో నేను ఎవరికీ చెప్పలేదు, నేనూ ఆలోచించలేదు. వాడు అడిగాడు, మరి వు ఎట్ల రాయాలి అని. కవర్ ముక్కని వాడే కిందకి జరిపి పెట్టాడు. ఆ రోజు నుంచి మ, వు వాడు ఒక్కసారి కూడా కలిపేయలేదు. అప్పటిదాకా వాడు అక్షరాన్ని మొత్తంగా ఒక బొమ్మలా చూసేవాడు, ఆ రోజు అది ముక్కలు కలిపి కట్టింది అని చూశాడు, నాకు అనిపించింది అది.

ఇబ్బందులు లేవని కాదు. మొ, యొ దగ్గర నా పద్ధతి పనిచేయలేదు. కొ, గొ, తొ లకి ఒత్వం పైన ఒకే రకంగా ఉంటుంది, మొ దగ్గరికి వచ్చేసరికి ఎత్వం పెట్టి పక్కన కొమ్ములాంటిది వస్తుంది, కవర్ ముక్క దాని మీద కూర్చోదు. 'మొక్క' ని చాలా రోజులు 'మెక్క' అనే చదివాడు. దానికి వేరే దారి లేక మొక్క, మొగ్గ, మొలక, మొసలి అని ఆ పదాలే పది చీటీలు చేసి రోజూ ముందు అవి చూపించేదాన్ని.

రెండో పని వాడి మాటలు. రోజూ ఒక్క సంగతి చెప్పమని, వాడు చెప్పింది చెప్పినట్టు పెద్దక్షరాలతో రాసి, చదివించి, తర్వాత పదాలుగా కత్తిరించి కలిపేసి మళ్లీ పేర్చమనేదాన్ని. "మా అవ్వ పొద్దుగాల జొన్న రొట్టె చేసింది." "మేక పిల్లను ఈనింది." ఇక్కడ మా సార్‌కి నాకు మాట తేడా వచ్చింది, పొద్దుగాల అని రాయడం ఎందుకు మేడం, పుస్తకంలో ఉదయం అని ఉంటుంది కదా, పరీక్షలో అదే రాయాలి కదా అన్నారు. ఆయన చెప్పింది తీసిపారేసే మాట కాదు. కానీ నేను వినలేదు, ఎందుకంటే ఈ పిల్లాడికి ఇప్పుడు తెలియాల్సింది ఒక్కటే, నోట్లోంచి వచ్చే మాటే కాగితం మీద ఉంటుంది అని. వాడి నోట్లో లేని మాట రాస్తే అది మళ్లీ బట్టీ అవుతుంది. ఉదయం అనే మాట అక్టోబర్‌లో నేర్పించా, రెండు నిమిషాలు పట్టింది.

వత్తులకి 'రొట్టె' తోనే మొదలుపెట్టాం. 'రొటెట' అని చదివాడు. మొదటిసారి విన్నప్పుడు ఏదో తొందర అనుకున్నా, 'ముక్కు' ని 'ముకుక' అన్నప్పుడు అర్థమైంది, వాడు కంటికి కనపడిన వరస ప్రకారం న్యాయంగానే చదువుతున్నాడు. పైన ట, దానికి ఎత్వం, కింద వత్తు. గుర్తు పైన అక్షరానికి అంటుకుని ఉంటుంది, పలికేది మాత్రం వత్తు అయ్యాక. రాత ఒక వరసలో, నోరు ఇంకో వరసలో. దానికి తోడు నోటితో అంటే రొట్ టె అని విరుగుతుంది, రాతలో రొ, ట్టె అని విరుగుతుంది. ఇది మనకి అలవాటైపోయి కనపడదు. వేలితో దారి చూపించా, ముందు పైన, తర్వాత కింద, మళ్లీ పైకి వచ్చి గుర్తు. వాడు దాన్ని ఆటలా పట్టుకున్నాడు, వేలు దిగి ఎక్కేది. క్క, ట్ట, వ్వ లాంటివి తొందరగానే వచ్చాయి, త, న, మ, య, ర, ల వత్తులు ఆలస్యం అయ్యాయి, వాటి వత్తు అసలు అక్షరంలా ఉండదు కదా మరి, అమ్మలో కింద ఉన్నది మ అని కళ్లతో చూసి ఎవరు చెప్పగలరు.

దసరా సెలవులయ్యాయి, తర్వాత పత్తి ఏరే పని మొదలైంది. అవ్వతో పాటు చేనుకి పోయాడు, నవంబర్‌లో బడికి వచ్చింది ఆరేడు రోజులే. మాకూ ఎన్నికల డ్యూటీ ట్రైనింగులు, 30న పోలింగు. నేను అవ్వని బతిమాలా, చేనుకి పంపకు అవ్వా అని. "ఏం జెయ్యాలమ్మా, ఒక్కదాన్ని ఎన్ని కిలోలు ఏరుత" అంది. నా దగ్గర దానికి జవాబు లేదు. ఒక్కటి మాత్రం అడిగా, రాత్రి అన్నం తిన్నాక నువ్వు ఒక మాట చెప్పు, వాడు రాస్తాడు, తప్పో ఒప్పో నువ్వు చూడక్కర్లేదు, ఆ కాగితం దాచు చాలు అని.

డిసెంబర్ మొదటి వారంలో వచ్చాడు, నాలుగు మడతలు పెట్టిన కాగితం జేబులోంచి తీశాడు, పత్తి దూది అంటుకుని ఉంది దానికి. 17 మాటలు. గంప, సంచి, మేక, కుండ సరిగ్గా ఉన్నాయి. పత్తి 'పతి' అని రాసి ఉంది, సద్ది 'సది' అని ఉంది, కొడవలి 'కోడవలి' అని ఉంది. ఇవి చూసి నాకు ఎంత సంతోషం వేసిందో చెప్పలేను. ఎందుకంటే ఇవి విని రాసిన తప్పులు, చూసి గీసిన తప్పులు కాదు. వత్తు వదిలేశాడు, పొట్టి పొడుగు తేడా పోయింది, కానీ కొమ్ము, గుడి అన్నీ వాటి చోట ఉన్నాయి. గోడ మీద చార్టు చేనులో లేదు. ఆ కాగితం ఇప్పటికీ నా డైరీలో ఉంది. ఆ వారం కొత్త చీటీలు 20 పెడితే 13 చదివాడు.

జనవరి, ఫిబ్రవరి వత్తులకే పోయాయి. ఫిబ్రవరిలో ఒక రోజు వాడే అడిగాడు, అమ్మకి రాయొచ్చా అని. 'అమ్మ నేను సదువుతున్న. ఉగాదికి రా' అని రాశాడు, ఫోటో తీసి వాళ్ల నాన్న వాట్సాప్‌కి పంపా. వాళ్ల అమ్మకి చదవడం రాదట, నాన్న చదివి వినిపించాడట, రాత్రి నాకు ఫోన్ చేసి ఆమె ఏమీ మాట్లాడలేదు, మేడం మేడం అని రెండుసార్లు అని ఊరుకుంది.

మార్చిలో పాత రెండో తరగతి పుస్తకంలోంచి వాడు చూడని కథ ఒకటి, పేజీ మధ్యలోంచి చదివించా. నెమ్మదిగా, ఒక్కో పదం దగ్గర ఆగుతూ చదివాడు, ఆరు చోట్ల తప్పు పోయాడు, అందులో రెండు వాడే వెనక్కి వెళ్లి దిద్దుకున్నాడు. కథలో ఏమైందో అడిగితే తన మాటల్లో చెప్పాడు. పాత గడగడ పోయింది, గొంతు కూడా చిన్నదైంది, బయటినుంచి చూసినవాళ్లు పోయిన ఏడాది కంటే వెనకపడ్డాడు అనుకుంటారు. ఒక సందర్భంలో ఒకాయన అలాగే అన్నారు కూడా, వీడు పోయినసారి బాగా చదివాడే అని. నేను చీటీలు చూపించా, ఎంతవరకు ఒప్పుకున్నారో తెలీదు.

లెక్కల్లో కూడా కొంత కదిలింది, మా పుస్తకాలు 2022 నుంచి ఒక పక్క ఇంగ్లీషు ఒక పక్క తెలుగు ఉంటాయి కదా, ఆ తెలుగు పక్క ఇన్నాళ్లు వాడికి ఖాళీ కాగితమే, ఇప్పుడు రాత లెక్క తనే చదువుకుని కూడాలా తీయాలా అని అడుగుతాడు. ఇంగ్లీషు మాత్రం అలాగే ఉంది, ఇంకా బట్టీనే, దాని జోలికి నేను ఆ ఏడాది వెళ్లలేదు. రెండు పడవలు ఒకేసారి లాగితే రెండూ మునుగుతాయని భయం వేసింది, అది సరైన నిర్ణయమో కాదో ఇప్పటికీ తేల్చుకోలేదు.

అదే చీటీల పరీక్ష మిగతావాళ్లకి కూడా పెట్టా. మూడో తరగతిలో ఇద్దరు, ఐదులో ఒక అమ్మాయి ఇలాగే దొరికారు. ఐదో తరగతి అమ్మాయి విషయం ఎక్కువ బాధ, ఇంకో నాలుగు నెలల్లో హైస్కూలుకి పోతుంది. తనతో చేయగలిగినంత చేశాం, గుణింతం తేలింది, వత్తులు సగమే అయ్యాయి. హైస్కూల్లో తెలుగు చెప్పే మేడంకి ఫోన్ చేసి తనకి ఏం వచ్చో ఏం రాదో చెప్పి, చీటీల కట్ట, కవర్ ముక్కలు ఆ అమ్మాయి చేతికే ఇచ్చి పంపించా.

కోరస్ పూర్తిగా మానలేదు, మూడు తరగతుల మధ్య మానడం కుదరదు, పాటలకి పద్యాలకి అది ఉండాలి కూడా, పిల్లలకి ఇష్టం. కానీ రోజూ ముగ్గుర్ని పక్కన కూర్చోబెట్టుకుని, ముందెప్పుడూ చదవని పేజీ, మధ్య లైన్ నుంచి చదివిస్తున్నా. వినేటప్పుడు గొంతు వైపు కాకుండా వేలు వైపు చూస్తున్నా. గుణింతాల చార్టుని వెనక గోడకి మార్చా, కావాలంటే లేచి వెళ్లి చూసి రావాలి.

చిన్నోడు తర్వాత ఏడాది ఐదో తరగతికి వచ్చాడు. స్త్ర, క్ష్మ లాంటివి వచ్చినప్పుడు ఆగి వేలు పైన కింద పైన అని తిప్పుకుంటాడు, ఒక్కోసారి మూడు అంతస్తులు ఉన్నాయి మేడం అంటాడు. ఖ, ఘ, ధ, భ ఇంకా తడబాటే. జూన్‌లో కొత్తగా మూడో తరగతిలోకి వచ్చిన పిల్లలకి చీటీల పరీక్ష పెడుతుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు, ఒక పిల్ల గోడ వైపు తల తిప్పింది, వాడు నా చెవి దగ్గరికి వచ్చి "మేడం, ఈ పిల్ల కూడా చార్టు కోసం సూస్తుంది" అన్నాడు. ఆ పిల్లకి కవర్ ముక్కలు ఎలా జరపాలో వాడే చూపించాడు, వ దగ్గరికి వచ్చినప్పుడు మాత్రం ముందే చెప్పేయకుండా ఆగి ఆ పిల్ల మొహం వైపు చూస్తూ కూర్చున్నాడు.